తల్లిని చూసి పిల్లను

“తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను” అని పెద్దల మాట. గేదెను కొనబోయేవాడు రెండు పూటలు దగ్గరుండి పాలు పితికించి చూసుకుంటాడు. ఎన్నో ఈతో అడుగుతాడు, దూడను చూస్తాడు, పొదుగు తడిమి చూస్తాడు. అదే మనిషి, ఇంట్లో పిల్లలు పోరు పెట్టారని కుక్కపిల్లను తేవాల్సి వచ్చేసరికి ఫోనులో ఫొటో చూసి డబ్బు పంపేస్తున్నాడు. ఆ పిల్లను కన్న తల్లి ఎక్కడుంది, ఎలా ఉంది, ఇది దానికి ఎన్నో ఈత అని అడగడం లేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఆ అడగని ప్రశ్న దగ్గరే మొదలవుతాయి.

యానాంలోని మా ఫరంపేటలో ఉండేవాళ్లకు ఇది ఇంకాస్త కష్టమైన సంగతి. యానాం చిన్న ఊరు. జాతి కుక్కపిల్ల కావాలంటే చాలామంది కాకినాడ, రాజమహేంద్రవరం, విశాఖ, హైదరాబాదు వైపు చూస్తారు. అంటే బేరం దూరం నుంచే జరుగుతుంది. పైగా మనది పుదుచ్చేరి, అమ్మేవాడిది ఆంధ్రా, తేడా వస్తే ఎవరికి చెప్పుకోవాలన్న బెరుకు ఒకటి. ఆ బెరుకు అక్కర్లేదు. జంతువులపై క్రూరత్వాన్ని నివారించే 1960 నాటి చట్టం కింద, కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో విడిగా నియమాలు తెచ్చింది. అవి యానాంలోనూ ఆంధ్రాలోనూ ఒక్కటే. రిజిస్ట్రేషన్ ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు జంతు సంక్షేమ బోర్డు. కాకినాడ బ్రీడరు ఆంధ్రప్రదేశ్ బోర్డు దగ్గర, యానాంలో పెంచి అమ్మేవాళ్లు పుదుచ్చేరి బోర్డు దగ్గర నమోదు కావాలి. ఆ కాగితం చూపించమని అడగడం కొనేవాడి హక్కు. అడిగినందుకు కోపం తెచ్చుకునే మనిషి దగ్గర బేరం అక్కడితో ఆపేయండి.

ఆ నియమాలను నేను మళ్లీ మళ్లీ చదివాను. వాటిలో నాకు ఎంతో నచ్చింది, అవి తల్లికుక్క పక్షాన నిలబడడం. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కకు చూలు కట్టించకూడదు. అంతకు ముందే పశువుల డాక్టరు చూసి ఆరోగ్యంగా ఉందని రాసివ్వాలి. వరసగా రెండు ఎదలకు కట్టించకూడదు. జీవితం మొత్తంలో ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిదేళ్లు దాటితే ఇక చాలు. తోబుట్టువులతో, సొంత బిడ్డలతో కలపకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

ఇవి ఎందుకు పెట్టారో ఒకసారి లెక్క వేసుకుంటే తెలుస్తుంది. కుక్క సుమారు ఆరు నెలలకోసారి ఎదకు వస్తుంది. కడుపు మోసేది 63 రోజులు. పాలిచ్చేది ఇంకో ఆరేడు వారాలు. ప్రతి ఎదకూ కట్టిస్తూ పోతే దాని ఒంట్లో సున్నం, రక్తం, కండ తిరిగి పట్టేందుకు మిగిలేది రెండు నెలలు. మూడు నాలుగు ఈతల తర్వాత ఆ తల్లి ఎముకల గూడు. దాని పిల్లలు పుట్టడమే బలహీనంగా పుడతాయి. మనం మురిసిపోయే ఫొటోలో పిల్ల మాత్రమే ఉంటుంది, ఆ తల్లి ఉండదు.

తల్లి పాలలో ఇంకో సంగతి ఉంది. ఈనిన మొదటి రోజు తాగే ముర్రుపాల ద్వారానే పిల్లకు జబ్బులను తట్టుకునే శక్తి వస్తుంది. తల్లికి టీకాలు వేయించకపోతే ఆ పాలలో ఇచ్చేందుకు పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. అందుకే “పిల్లకు ఇంజెక్షన్లు అయ్యాయా?” అని అడిగే ముందు “తల్లికి ఎప్పుడు వేయించారు, కార్డు చూపిస్తారా?” అని అడగాలి.

వెళ్లి చూడడం

ఫోనులో ఇలా మొదలుపెట్టండి: “అన్నా, పిల్లను తర్వాత చూస్తాను, ముందు తల్లిని చూపిస్తారా?” జవాబు మీకు చాలా చెబుతుంది. “తల్లి ఇక్కడ లేదు సార్, మా బావమరిది దగ్గరుంది.” “వీడియో పంపిస్తాను, సరిపోద్ది కదండీ.” “మీరు అంత దూరం రావడం ఎందుకు సార్, బస్టాండులో మావాడు తెచ్చి చేతికిస్తాడు.” ఈ మూడింటిలో ఏది విన్నా వదిలేయండి. ఎక్కడెక్కడి పిల్లలనో కొని తెచ్చి అమ్మే దళారీకి తల్లిని చూపించడం కుదరదు.

ఇంగ్లండులో ఈ సంగతి మీద ఒక చట్టమే వచ్చింది. వేల్స్‌లోని ఒక కుక్కపిల్లల ఫారం నుంచి 2013లో లూసీ అనే ఆడకుక్కను బయటికి తెచ్చారు. ఈతల మీద ఈతలు వేయిస్తూ బోనులోనే ఉంచడంతో దాని నడుము వంగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో ఆరు నెలల లోపు కుక్కపిల్లను దళారీ అమ్మడానికి వీల్లేదు. పుట్టిన చోటే, తల్లి పక్కన ఉండగానే చూపించి అమ్మాలి. ఆ చట్టాన్ని అందరూ లూసీ పేరుతోనే పిలుస్తారు. మన నియమాలు అంతదూరం వెళ్లలేదు. ఆ పని కొనేవాళ్లే చేయాలి.

కాకినాడ ఎంత, ముప్ఫై కిలోమీటర్ల లోపే. హైదరాబాదైనా సరే, పన్నెండేళ్లు ఇంట్లో ఉండే ప్రాణి కోసం ఒక రాత్రి ప్రయాణం పెద్దదేమీ కాదు. వెళ్లినచోట ముందు వాసన గమనించండి. రోజూ కడిగే చోట కుక్క వాసన ఉంటుంది కానీ ముక్కు మూసుకునేంత మూత్రపు కంపు ఉండదు. తర్వాత తల్లి. పాలిచ్చే తల్లి కాస్త చిక్కి ఉండడం సహజం, వెంట్రుక కూడా రాలుతుంది. కానీ పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టేలా ఉంటే, చన్నులు నేలకు వేలాడుతూ పుళ్లు పడి ఉంటే, యజమాని అడుగు వినగానే మూలకు నక్కితే అక్కడి పిల్లను తీసుకోవద్దు. జాలిపడి కూడా తీసుకోవద్దు. మీరు ఇచ్చే డబ్బుతోనే ఆ తల్లికి మళ్లీ చూలు కట్టిస్తారు. అక్కడ కనిపించింది నిజంగా హింసే అయితే తేదీ, చిరునామాతో ఆ జిల్లా పశుసంవర్థక శాఖకూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డుకూ రాసి పంపండి.

తల్లి మీ దగ్గరికి తోక ఊపుతూ వస్తే, కొత్తవాళ్లను చూసి మొదట మొరిగినా యజమాని మాటకు సర్దుకుంటే అది మంచి గుర్తు. పిల్లలు తల్లి పక్కన ఒకదానిమీద ఒకటి పడి ఆడుకుంటూ ఉండాలి. ఒకటి మాత్రమే మిగిలి ఉంటే మిగతావి ఎవరు తీసుకున్నారో అడగండి, వీలైతే వాళ్లతో మాట్లాడించమనండి. అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో ఒక పుస్తకం రాశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల దేనికి అలవాటు పడుతుందో అదే దానికి లోకమవుతుందని వాళ్లు చూపించారు. తోటి పిల్లలను కొరికి, అవి కీచుమంటే ఎంత గట్టిగా కొరకకూడదో నేర్చుకునేది ఆ రోజుల్లోనే. నెల రోజులకే తల్లి నుంచి విడదీసిన పిల్ల ఆ పాఠం నేర్చుకోకుండా మీ ఇంటికి వస్తుంది. రేపు మీ పాప చేతిని కొరికేది అదే. “చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా మాలిమి అవుతుంది” అన్న మాటను దయచేసి నమ్మకండి.

మంచి బ్రీడరు మిమ్మల్ని కూడా అడుగుతాడు. సొంత ఇల్లా అద్దెదా, పగలు ఇంట్లో ఎవరుంటారు, మేడ మీదా కింద వాటాలోనా, ఇంతకు ముందు కుక్కను పెంచారా, అది ఏమైంది. ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోకండి. తన పిల్ల ఎక్కడికి పోతుందో పట్టించుకునేవాడే ఇలా అడుగుతాడు. “ఎప్పుడైనా పెంచలేని పరిస్థితి వస్తే వీధిలో వదలకండి, నాకే తిరిగి ఇవ్వండి” అనేవాడు దొరికితే నాలుగు వేలు ఎక్కువైనా అతని దగ్గరే తీసుకోండి.

కాగితాల మాట. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రం పిల్ల వంశాన్ని చెబుతుంది, ఆరోగ్యాన్ని చెప్పదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు సరిగా అమరకపోవడం తల్లిదండ్రుల నుంచి వస్తుంది. తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. రసీదు తప్పకుండా తీసుకోండి. అందులో బ్రీడరు రిజిస్ట్రేషన్ నంబరు, పిల్ల పుట్టిన తేదీ, వేసిన టీకాలు, నట్టల మందు తాగించిన తేదీలు, డాక్టరు పేరు, మైక్రోచిప్ నంబరు ఉండాలి. చెవులు, తోక కత్తిరించిన పిల్లను అందంగా ఉందని చూపిస్తే వద్దని చెప్పండి.

డబ్బు ముందు పంపమని, తర్వాత “ట్రాన్స్‌పోర్టు పెట్టెకు ఇంకో మూడు వేలు, ఇన్సూరెన్సుకు ఇంకో ఐదు వేలు” అని అడుగుతూ పోయే మోసాలు చాలా ఉన్నాయి. ఆ ఫొటోలోని పిల్ల చాలాసార్లు అసలు వాళ్ల దగ్గర ఉండనే ఉండదు. ఇంతకంటే బాధాకరమైనది, నిజంగానే పిల్లను అట్టపెట్టెలో పెట్టి రాత్రి బస్సు డిక్కీలో వేసి పంపడం. గాలి ఆడక, దాహంతో, దడతో వచ్చిన పిల్ల దిగేసరికే సగం చచ్చి ఉంటుంది.

మన గాలికి ఏ కుక్క

2003లో హచ్ ప్రకటన వచ్చాక పగ్ మన ఊళ్లలో “హచ్ కుక్క” అయిపోయింది. ఆ చప్పిడి ముక్కు ముద్దుగానే ఉంటుంది, కానీ దాని లోపల గాలి దారి ఇరుకు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి ఎగశ్వాస తీసి ఒళ్లు చల్లార్చుకుంటుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ తడి ఆరదు, ఒళ్లు చల్లబడదు. యానాంలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే పగ్‌కూ, మంచు దేశాల హస్కీకీ, సెయింట్ బెర్నార్డ్‌కూ అది ప్రాణసంకటం. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 106 దాటితే అవయవాలు దెబ్బతింటాయి. రొప్పడం ఆగకపోతే, చిగుళ్లు ఎర్రగా కందితే, తూలితే వెంటనే నీడకు తెచ్చి మామూలు నీళ్లు ఒంటిమీద పోసి ఫ్యాను కింద పెట్టి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐసు ముక్కల్లో ముంచకూడదు.

ఇంత వెతుకులాటలో మన సొంత కుక్క ఒకటి ఉందని మరిచిపోతున్నాం. జోనంగి. కోస్తా ఆంధ్రలో పుట్టిన జాతి. నునుపైన పొట్టి వెంట్రుక, నుదుటిమీద ముడతలు, మొరగడానికి బదులు పాడినట్టు వచ్చే ఒక వింత గొంతు. కొల్లేరు చుట్టుపక్కల బాతులను కాసింది ఇదే. చేపల చెరువులు వచ్చాక దాని పని తగ్గింది, అదీ తగ్గింది. దాన్ని నిలబెట్టాలని చూస్తున్న పెంపకందార్లు ఉన్నారు. వాళ్ల దగ్గర కొనేటప్పుడు కూడా పైన చెప్పిన తల్లి పరీక్ష పెట్టండి. స్వదేశీ జాతి పేరు చెప్పి తల్లిని పీల్చేసేవాళ్లు ఉండరని ఏమీ లేదు.

అసలు కొననే అక్కర్లేదు కూడా. మన వీధి కుక్క పిల్ల ఈ ఎండకూ ఈ తేమకూ తరతరాలుగా అలవాటు పడింది. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్, విశాఖలోని విశాఖ ఎస్పీసీఏ ఇలాంటి పిల్లలను దత్తత ఇస్తాయి. మీ వీధిలోనే ఒక తల్లి ఈనితే ఇంకా మంచిది. తల్లి కళ్లముందే ఉంటుంది. దానికి రెండు నెలలు అన్నం పెట్టండి, పిల్లలు పాలు మానాక ఒకదాన్ని తెచ్చుకోండి, తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి.

ఇంటికి వచ్చాక

టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను వీధిలోకి దింపవద్దు. పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకు అంటుకుని కూడా లోపలికి వస్తుంది. సోకిన మూడు నుంచి ఏడు రోజులకు వాంతులు, దుర్వాసనతో రక్త విరేచనాలు. “ప్రయాణం పడలేదేమో, రేపటికి తగ్గుతుంది” అని ఒక్క రోజు ఆగితే చాలు, చిన్న పిల్ల నీరసించి చనిపోతుంది. తెచ్చిన రోజో మర్నాడో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, అక్కడి నుంచి మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా. ఇన్నిసార్లు ఎందుకంటే తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అది ఎప్పుడు తగ్గుతుందో పిల్ల పిల్లకూ తేడా. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం.

ఇంట్లో చూడాల్సినవి నేల మీద మోకాళ్లు వేసుకుని, కుక్క ఎత్తు నుంచి చూస్తేనే కనిపిస్తాయి. మన ఊళ్లో నేను మొదట చెప్పేది గాలాల సంగతి. చేప వాసన పట్టిన గాలం, దానికున్న నైలాన్ దారం పిల్లకు తిండిలాగే కనిపిస్తాయి. మింగితే దారం పట్టుకుని లాగకూడదు, పేగులు కోసుకుపోతాయి. గాలాలు, వలలు గోడకు ఎత్తులో కొక్కేనికి తగిలించండి. తర్వాత ఎలుకల మందు, చెరువులకూ చేలకూ వాడే మందు డబ్బాలు, దోమల బిళ్లలు. వీటికి తలుపూ గడియా ఉన్న అల్మారా కావాలి. పెరట్లో గన్నేరు ఉంటే దాని ఆకు, కొమ్మ అన్నీ విషమే.

వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు అన్నంలో కలిపి పెట్టడం మానేయండి. అవి కుక్క రక్తకణాలను విరగ్గొడతాయి. చాక్లెట్, ద్రాక్ష, పాయసంలోని కిస్‌మిస్, చక్కెర లేని చూయింగ్ గమ్ పెట్టకూడదు. ఉడికిన కోడి ఎముక పగిలితే సూదిలా మారుతుంది. వేసవిలో మామిడి టెంక పేగులో ఇరుక్కుని ఆపరేషన్ దాకా పోతుంది. జ్వరం వచ్చిందని మన పారాసిటమాల్, ఒళ్లు నొప్పుల బిళ్ల ఇవ్వడం అన్నిటికంటే ప్రమాదం. పిల్లి ఉన్న ఇంట్లో అయితే సగం పారాసిటమాల్ బిళ్ల కూడా ప్రాణం తీస్తుంది.

గోమార్లు మన తేమకు విపరీతంగా పెరుగుతాయి. ఒక్క ఆడది గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే నెలకు మళ్లీ మొదటికొస్తుంది. పగుళ్లు పూడ్చి, పడుకునే గోనెసంచి ఎండబెట్టి, డాక్టరు చెప్పిన మందే వాడండి. కిరోసిన్, చేలకు కొట్టే మందు పూయవద్దు. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం వచ్చినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా అది గోమార్ల జ్వరం కావచ్చు. రక్తపరీక్షకు వెంటనే తీసుకెళ్లండి.

ఇరవైనాలుగు గంటలూ గొలుసుతో కట్టేయడం రక్షణ అనుకుంటారు. మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడమూ, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడమూ 1960 చట్టం 11వ సెక్షన్ కింద నేరాలు. గేటు కింద సందు మూయించి, పెరట్లో వదలండి.

రేబిస్ గురించి ఒక మాట గట్టిగా. మీ కుక్కే అయినా, ముద్దుగా గీకినా, టీకాలు పూర్తికాని పిల్ల పంటి గాటును తేలిగ్గా తీసుకోకండి. పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా మొదటిసారి వేయించాడు. అప్పుడు యానాం మీద ఎగిరేది కూడా ఫ్రెంచి జెండాయే. ఆ టీకా వచ్చి నూట నలభై ఏళ్లు అవుతున్నా ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కడగడంలో, టీకాకు వెళ్లడంలో ఆలస్యం చేయడం ఇందుకు ఒక పెద్ద కారణం.

ఇక గోదావరి. 1986 ఆగస్టు వరద పెద్దవాళ్లకు గుర్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు, యానాం మునిగింది. కుక్క ఉన్న ఇంటివాళ్లకు నేను చెప్పే లెక్క ఇది: భద్రాచలంలో 53 అడుగులకు మూడో హెచ్చరిక ఇచ్చిన రోజే కుక్క సంచి కట్టేయండి. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక రాగానే దాన్ని మేడ మీదికో, మెట్ట మీద చుట్టాలింటికో చేర్చండి. సంచిలో టీకాల కార్డు ప్లాస్టిక్ కవరులో, మైక్రోచిప్ నంబరు, వారానికి సరిపడా తిండి, మందులు, గట్టి పటకా, తాడు, మూతికి కట్టే జాలీ. బెదిరిపోయిన కుక్క పడవలో పక్కవాళ్లను కరుస్తుంది, అందుకు జాలీ. వరద నీటిలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనుషులకూ వస్తుంది. దాని టీకా వర్షాకాలానికి ముందే వేయించి ఉంచాలి. నీటితో పాటు పాములూ ఇంట్లోకి వస్తాయి. కుక్క మూతి మీద కాటు పడితే కోయవద్దు, కట్టవద్దు, నడిపించకుండా ఎత్తుకుని వెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలకు మనుషులకు వాడే విరుగుడే కుక్కకూ పనిచేస్తుంది.

ఏ కారణం చేతనైనా దాన్ని వెంట తీసుకెళ్లలేకపోతే మెడకున్న తాడు తీసేసి, మేడ మెట్ల తలుపు తెరిచి, పైన నీళ్లూ తిండీ పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక మొదట చేయాల్సిన పని డాక్టరుకు చూపించడం.